చక్రం తిరగకుండా కదిలిన కారు

"రెండో తాళం ఎవరి దగ్గరుందో తేలనీ. ఆ రోజే అమ్మేద్దాం."

"ఎవర్నడుగుతావ్ మమ్? హీ ఈజ్ గాన్."

"పోయారని నాకు తెలుసు, నువ్వేం చెప్పక్కర్లేదు. పోయిన మనిషి కారు ఎలా కదుల్తోందో అది చెప్పు ముందు. మొన్న వచ్చినప్పుడు అదిగో, ఆ ఇటుకల లెటర్‌బాక్స్ ముందుంది. ఇవాళ ఈ నిమ్మచెట్టు దగ్గరికి దిగింది. దానంతటదే నడుచుకుంటూ వచ్చిందా?"

"మే బీ ద కౌన్సిల్ మూవ్‌డ్ ఇట్."

"కౌన్సిల్‌కి మీ నాన్న తాళం ఎవరిచ్చారే?"

తల్లీకూతుళ్లు కారుకి అటొకరు ఇటొకరు నిలబడి పోట్లాడుకుంటున్నారు. వాళ్లకి కనబడకుండా పక్కింటి చెత్తడబ్బాల వెనక ఆగిపోయాడు భార్గవ్. చాటుగా వినాలని కాదు. మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్‌లో పార్కింగ్ చూసే రేంజరుగా అతను వచ్చిందీ ఆ కారు కోసమే. చేతిలో సుద్దముక్క కూడా ఉంది. తెలుగు చెవిన పడేసరికి కాళ్లు ఆగాయి, అంతే.

యూనివర్సిటీలో అకౌంటింగ్ సగంలో వదిలేసి ఈ ఉద్యోగంలో చేరాడు భార్గవ్. ద పాండ్స్ అనే శివారులో ఉండే వాళ్ల నాన్న రామ్మోహన్, చుట్టాలు ఫోన్ చేస్తే "గవర్నమెంట్ జాబ్" అని చెప్పి, ఇంకో ప్రశ్న పడేలోగా మాట మార్చేసేవాడు. పార్కింగ్ జరిమానా టిక్కెట్లు రాసేవాణ్ని చూసి ఎవడూ నవ్వడని భార్గవ్‌కి మొదటి వారంలోనే తెలిసింది. దానికతను పెద్దగా బాధపడలేదు. మనుషులు ఎన్ని కథలైనా చెబుతారు, బండి మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఆ పనిలో అతనికి నచ్చింది అదొక్కటే. ఈ వెండిరంగు కారు ఎదురయ్యేదాకా.

బాటిల్‌బ్రష్ స్ట్రీట్ నిట్టనిలువు వీధి. సిడ్నీకి వాయవ్యాన ఉన్న ఈ ప్రాంతాన్ని హిల్స్ అని ఊరికే అనరు. పైన గట్టు మీద మెయిన్ రోడ్డు, అక్కణ్నుంచి రెండు పక్కలా వీధులు జారుడుబల్లల్లా కిందికి దిగిపోతాయి. ఇక్కడ బండి పెట్టినవాళ్లు ముందు చక్రాన్ని అంచురాయి వైపు తిప్పి, నాలుగడుగులు వేశాక ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు. ఆ వీధిలో ఎండాకాలం నుంచీ ఒక కారు ఎవరూ తియ్యకుండా పడి ఉందని ఫిర్యాదు వచ్చింది. రేంజరు వెళ్లి టైరు మీద సుద్దతో గీత గీస్తాడు. గడువు దాటినా ఆ గీత అక్కడే ఉంటే బండిని వదిలేశారని లెక్క, టో ట్రక్కు వచ్చి యార్డుకి ఎత్తుకుపోతుంది. బండి కదిలిందంటే లెక్క మళ్లీ మొదటికి.

భార్గవ్ గీత గీశాడు. మళ్లీ వచ్చేసరికి కారు ఒక బండి పొడుగు కిందికి దిగి ఉంది. ఎవరో తోలుకెళ్లి తెచ్చి పెట్టారనుకున్నాడు. వంగి టైరు చూశాడు. గీత చెక్కుచెదరలేదు. గాలి నింపే గొట్టం పక్కన, తను ఎక్కడ గీశాడో అక్కడే ఉంది. నాలుగు చక్రాల్లో ఒక్కటీ అంగుళం తిరగలేదు. కారు మాత్రం కిందికొచ్చింది.

ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాడు. చలికాలం మొదట్లోని ఎండ, పట్టపగలు; కన్ను పొరబడే వీల్లేదు. ఇంకోసారి గీశాడు, ఈసారి నాలుగు టైర్ల మీదా. వచ్చి చూస్తే నాలుగు గీతలూ ఉన్నాయి, కారు ఇంకొంచెం దిగింది. అద్దం మీద రాలిన ఎండుటాకు కూడా జారలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు.

అందుకే ఆ ఆదివారం, డబ్బాల వెనక నించుని, "దానంతటదే నడుచుకుంటూ వచ్చిందా" అన్న మాట విన్నప్పుడు అతనికి నవ్వు రాలేదు.

కూతురు స్నేహ ముందు చూసింది అతన్ని. "మమ్, సమ్‌వన్స్ హియర్" అంది. తల్లి ఇటు తిరిగింది. యాభై దగ్గర పడుతున్న మనిషి, చలికోటు లోపల నూలుచీర. పక్కన మడత కుర్చీ, ఫ్లాస్కు.

"బాబూ, తెలుగువాడివేనా?"

"అవునాంటీ."

"ఎవరబ్బాయివో గానీ చూడగానే అనుకున్నా. ఈ కారు ఎవరు కదుపుతున్నారో నీకు తెలుసా?"

"తెలీదాంటీ. నేనూ అదే చూస్తున్నా."

"చూశావా?" అంది కూతురితో, గెలిచినట్టు. గెలుపు మొహంలో నిలవలేదు. "ఈ అబ్బాయీ అదే చూస్తున్నాట్ట."

ఆవిడ పేరు కనకదుర్గ. ఇల్లు గిరావీన్‌లో. భర్త భానుప్రసాద్ పరమట్టాలో ఒక బ్యాంకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ చూసేవాడు. జనవరిలో, ఇక్కడి నడి ఎండాకాలంలో, ఒక గురువారం, ఉరుముల వాన కురిసిన సాయంత్రం, ఈ కొండ మీద పక్క వీధిలో ఒకరింటి కంచెకి చేరగిలబడి ఉన్నాడు. కుక్కని తిప్పడానికొచ్చినవాళ్లు చూసి అంబులెన్సుకి ఫోన్ చేశారు. అప్పటికే ఆలస్యమైంది. గుండె అన్నారు.

"గుండెపోటు ఎవరికైనా వస్తుంది బాబూ. దానికి నేనేం అనను. ఈ కొండ మీద మాకెవరూ తెలీదు. చుట్టాల్లేరు, స్నేహితుల్లేరు. ఆయన ఫోన్లో మ్యాపు తీసి చూస్తే ఏ ఇల్లో తెలీలేదు గానీ ప్రతి గురువారం మధ్యాహ్నం ఈ కొండ మీదికే వచ్చేవారు. ఆఫీసులో మీటింగు అని నాకు చెప్పేవారు. కారు ఈ వీధిలో ఎవరికీ కనబడకుండా పెట్టి, నడిచి పక్క వీధికి వెళ్లేవారన్నమాట. ఎవరింటికి?"

"మమ్, డోంట్" అంది స్నేహ. ఆ పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి.

"ఇరవై నాలుగేళ్ల కాపురం. ఎవరింటికో తెలియాలి కదా నాకు? కారు ఇక్కడే ఉంటే ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి చూస్తుంది. అందుకే ఆదివారం ఆదివారం వచ్చి ఎదురుగా కూర్చుంటున్నా. ఏ ఇంటి కర్టెను కదుల్తుందా అని. ఇప్పుడు కారే కదుల్తోంది. అంటే ఆవిడ దగ్గర తాళం ఉంది. తాళం కూడా ఇచ్చారు." చివరి మాట చాలా చిన్నగా అంది.

భార్గవ్ జేబులో సుద్దముక్క నలిగిపోయింది. చక్రాలు తిరగలేదని ఆవిడకి చెబుదామనుకున్నాడు. చెబితే ఆవిడ ఊహ ఇంకెక్కడికి పోతుందో తెలియక ఊరుకున్నాడు.

వాళ్లు వెళ్లాక నిమ్మచెట్టు ఇంటి ముసలావిడ తలుపు తీసింది. ఫిర్యాదు చేసింది ఆవిడే. "ఆ బండి నాకు నచ్చదు" అంది ఇంగ్లీషులో, గడప దాటకుండానే. "ఆ వానరోజు సాయంత్రం ఆ బండి లైట్లు వాటంతటవే వెలిగి ఆరాయి. కూత కూడా పెట్టింది. ఆగింది. మళ్లీ వెలిగింది. లోపల ఎవరూ లేరు, వీధిలో ఎవరూ లేరు. చాలాసేపు అలాగే. తర్వాత మానేసింది."

ఆ మాట భార్గవ్‌ని రాత్రిళ్లు వదల్లేదు.

*

భీమయ్యది వేరే లోకం. కౌన్సిల్ వీధులకీ గట్టు మీది మెయిన్ రోడ్డుకీ టో ట్రక్కులు పంపేది ఒకటే కంపెనీ, అందులో డ్రైవరు. సూర్యాపేట పక్క పల్లె నుంచి వచ్చినవాడు. అక్కడ లారీ క్లీనరుగా మొదలై, లారీ తోలి, నర్సు చదువు చదివిన లీలావతిని పెళ్లాడాడు. ఆవిడకి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెంట వచ్చాడు. "నేను భార్య సామాన్ల లిస్టుల వచ్చిన" అని తనే చెప్పి నవ్వేవాడు. మొదట్లో హోటళ్లలో గిన్నెలు కడిగాడు. తర్వాత పెద్ద బండి లైసెన్సు తెచ్చుకున్నాడు. స్టీరింగు చేతికి వచ్చాకే ఈ దేశంలో నిద్ర పట్టిందంటాడు.

భార్గవ్ మొదటిసారి "అంకుల్" అని పిలిస్తే మొహం మీదే చెప్పాడు. "అంకుల్ గింకుల్ వద్దు తమ్మీ. నాకు పిల్లల్లేరు. అన్న అను."

"నా వయసుకి రెట్టింపున్నావు కదా?"

"అయితే పెద్దన్న అను."

టోయింగ్ వాళ్లందరిలో భీమయ్య గురించి ఒక వింత చెప్పుకునేవారు. మెయిన్ రోడ్డు మీద మూడు దాటితే క్లియర్‌వే, ఇంటికెళ్లే ట్రాఫిక్ కోసం అంచున ఒక్క బండీ ఉండకూడదు. ఉంటే ఎత్తెయ్యడమే. మిగతా డ్రైవర్లు వచ్చి, ఫొటో తీసి, ఎత్తి, పోతారు. భీమయ్య అలా కాదు. ట్రక్కు దిగి దుకాణం దుకాణం తిరుగుతాడు. క్షవరం షాపులోకి దూరి సబ్బు నురగ మొహం పెట్టుకున్నవాణ్ని లేపుతాడు. హోటల్లోకి వెళ్లి బండి నంబరు అరుస్తాడు. ఒకసారి నోట్లో నూడుల్స్ వేలాడుతున్నవాణ్ని జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. వాడు పోలీసుల్ని పిలుస్తానన్నాడు. కంపెనీ సూపర్‌వైజరు రెండుసార్లు పిలిచి తిట్టాడు. భీమయ్య తలూపి, మర్నాడు మళ్లీ అదే చేశాడు.

అది చాలదన్నట్టు, బండి ఎక్కించాక ట్రక్కు కదిలించడు. తలుపు దగ్గర నిలబడి కొండ వాలు వైపు చూస్తాడు. ఎవరో వస్తున్నట్టు. దగ్గర్లో ఎవరైనా తాళం నొక్కి కారు కూత పెడితే ఉలిక్కిపడతాడు. భార్గవ్ ఒకసారి ఎగతాళి చేశాడు. "ఏంటన్నా, కారు కూస్తే దెయ్యాన్ని చూసినట్టు చూస్తావ్?" భీమయ్య నవ్వుతాడనుకున్నాడు. నవ్వలేదు. చేతి గుడ్డతో మెడ తుడుచుకుని, "అప్పుడే ఎండలు పోయినయి గదా, చెమటలెందుకు పడుతున్నయో" అని పనిలో పడ్డాడు.

కనకదుర్గ గొడవ విన్న మూడో రోజు, ఒక ఇంటి వాకిలికి అడ్డంగా ఎవడో పెద్ద జీపు పెట్టి పోతే, భార్గవే ఫోన్ చేసి భీమయ్యని పిలిచాడు. జీపు తాళం వేసి ఉంది, హ్యాండ్‌బ్రేకు బిగించి ఉంది, ముందు చక్రం అంచురాయికి తిరిగి ఉంది. అలాంటి బండిని ఎలా తీస్తారో భార్గవ్ అంతవరకూ దగ్గరగా చూడలేదు. టిక్కెట్టు రాసి వెళ్లిపోయేవాడు. ఆ రోజు వెళ్లలేదు.

భీమయ్య ట్రక్కు కింద నుంచి నాలుగు ఇనప పీటలు తీశాడు. ఒక్కో పీటకీ కింద చిన్న చిన్న గిలకలు. చక్రం కొద్దిగా లేపి పీట కిందికి తోశాడు. నాలుగు చక్రాల కిందా నాలుగు పీటలు. ట్రక్కు నుంచి తీగ తగిలించి, కొంచెం కొంచెంగా వదిలాడు. జీపు కిందికి జరిగింది. చక్రాలు కదలకుండా, బిగుసుకున్న కాళ్లతో నిద్రలో నడిచినట్టు.

భార్గవ్ జీపుని చూడలేదు. దాని టైరు మీద అంటుకున్న పండుటాకుని చూశాడు. ఆకు ఎక్కడున్నది అక్కడే ఉంది.

"భీమన్నా" అన్నాడు.

"ఊ?"

"బాటిల్‌బ్రష్ వీధిలో వెండిరంగు కారుని ఎందుకు కదుపుతున్నావు?"

భీమయ్య చేతిలో తీగ మీట ఆగిపోయింది. అబద్ధం చెబుతాడని భార్గవ్ ఎదురుచూశాడు. చెప్పలేదు. మీట బిగించి, జీపు కింద చెక్కదిమ్మ పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"పని కానీయ్. చెప్త" అన్నాడు.

*

జీపుని యార్డులో దించి వచ్చి, గట్టు మీది మెయిన్ రోడ్డు పక్కన, వరస దుకాణాలకి ఎదురుగా ట్రక్కు ఆపాడు భీమయ్య. క్లియర్‌వే టైముకి ఇంకా వ్యవధి ఉంది. రోడ్డుకి అవతల ఒక మిఠాయి దుకాణం. అద్దం వెనక రెండు బల్లలు, గాజు పెట్టెల్లో పళ్లేలు.

"అగో, ఆ మూలబల్ల కాడ కూసున్నడు" అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరు? ఆయినే. బండి ఈడ పెట్టిండు, సరిగ్గ మనమున్న కాడ. మూడు కావొస్తున్నది. ఆ పొద్దు మబ్బు పట్టి ఉబ్బరిస్తున్నది. నేనొచ్చిన. బండి అద్దం మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ, వెనక శ్రీరామ అని తెలుగుల రాసుంది. మనోడే గదా, పిలిచి తీయమందాం అనుకుని దుకాణం దిక్కు చూసిన. అద్దంలకెళ్లి కనవడ్డడు. నీలం అంగీ. మడతకాజా తింటున్నడు తమ్మీ. కండ్లు మూసుకొని."

భార్గవ్ మూలబల్ల కేసి చూశాడు. ఖాళీగా ఉంది.

"పాకం వేళ్ల మీద కారితే నాక్కుంట, మళ్ల కొరుక్కుంట, చిన్నపిల్లగాని లెక్క. అసొంటోన్ని ఎట్ల పిలవాలె? మా అమ్మ మాకు ఒక్కటే నేర్పింది. తింటున్న మనిషిని లేపొద్దు. ఇంటికి అప్పులోడు వచ్చినా, ఎసొంటి కబురు వచ్చినా, కంచం ముందు కూసున్నోడు లేచేదాక ఎవ్వరం నోరు తెరవొద్దు. నేను మా నాయిన సచ్చిపోయిన్నాడు సుత అన్నం తిన్నంక విన్న ఆ సంగతి. అందుకని లేపలే."

"మరేం చేశావు?"

"ఏం జేస్త? వదిలిపెడితే ఎనక నుంచి ఇంకో ట్రక్కోడు వస్తడు, ఎత్తుకపోతడు, ఫైను పడుతది. నేనే ఎత్తిన. రాసుకోలే, ఫొటో తియ్యలే, కంపెనీకి చెప్పలే. చెప్తే ఫైనే గదా. రెండు వీధులు దిగి, నీడ చూసి, టైం బోర్డు లేని కాడ, బాటిల్‌బ్రష్ వీధిల పెట్టిన. చక్రం అంచుకు తిప్పే ఉండె. మంచిగనే పెట్టిన. పెట్టి మళ్లొచ్చిన, అప్పటికీ తింటనే ఉన్నడు. రెండోది తెప్పించుకున్నడు గావచ్చు. ఇంతల ఫోనొచ్చింది, కింద యాక్సిడెంటు, పొమ్మని. సుద్ద తీసి ఇగో, ఈ అంచురాయి మీద రాసిన. అన్నా, మీ బండి కింద రెండో వీధిల ఉన్నది, ఫికరు చెయ్యకు అని. తెలుగుల రాసిన, మా సూపర్‌వైజరు చూసినా సమజ్ కాకుండ."

ట్రక్కు కిటికీలోంచి అంచురాయి కనిపిస్తోంది. బూడిదరంగు, వట్టిది.

"నేను కొండ దిగకముందే వాన" అన్నాడు భీమయ్య. "ఎసొంటి వాన."

ఆ తర్వాతది అతనికి తెలియదు, ఊహించుకున్నాడు. ఊహించుకుని ఊహించుకుని చూసినట్టే చెబుతున్నాడు. మనిషి బయటికొచ్చాడు. బండి లేదు. బోర్డు మీది నంబరుకి ఫోన్ చేస్తే, అలాంటి బండి మేం తియ్యలేదన్నారు. భీమయ్య ఆ బండిని ఎక్కడా రాసుకోలేదు కదా మరి. ఇంటికి ఫోన్ చేద్దామంటే ఆఫీసులో ఉన్నానని చెప్పి వచ్చినవాడు. ఎక్కడ పెట్టానో తనే మర్చిపోయానేమోనన్న అనుమానం పట్టుకుంది. వానలో ఒక వీధి దిగాడు, ఎక్కాడు, ఇంకో వీధి దిగాడు. కడుపునిండా తీపి, ఒంటినిండా షుగరు, నిట్టనిలువు ఎక్కుళ్లు.

"చేతిల తాళం పట్టుకొనే ఉన్నడట. బొటనవేలు మీట మీదనే ఉందట. ఆ పై గురువారం నేను డ్యూటీకి వస్తే బండి నేను పెట్టిన కాడనే ఉన్నది. ఆ నిమ్మచెట్టు ముసలామె చెప్పింది, పక్క వీధిల నీలం అంగీ మనిషి పోయిండని."

వానలో వెలిగి ఆరిన లైట్ల సంగతి భార్గవ్‌కి ఇప్పుడు అర్థమైంది. పక్క వీధిలోంచి, ఇళ్ల మీంచి, ఆ మనిషి నొక్కుతూనే ఉన్నాడు. కారు పలుకుతూనే ఉంది. ఉరుముల్లో ఆయనకి వినబడలేదు. చెప్పాలా వద్దా అనుకున్నాడు. భీమయ్యకి అదొక్కటీ చెప్పకుండా మింగేశాడు.

"సరే, చచ్చిపోయాడు. కారుని యార్డుకి పోనిస్తే అయిపోయేది కదా? ఎందుకు కిందికి జరుపుతూ కూర్చున్నావు?"

"యార్డుకి పోతే ఆయినకు ఎట్ల దొరుకుతది?"

భార్గవ్ తిరిగి చూశాడు. భీమయ్య వేళాకోళానికి అనలేదు.

"ఆయిన ఇంక వెతుకుతనే ఉన్నడు తమ్మీ. నువ్వు నవ్వినా సరే. నేను ఏ బండి ఎత్తినా కొండ వాలుల కెల్లి నీలం అంగీ నడిచొస్తది. నా ట్రక్కు మీది బండి చూస్తది, ఇది నాది గాదని మళ్లుతది. కనీసం ఆ వీధిలన్న ఉండనీ అనుకున్న. నీ గీత చూసిననాడల్లా పొద్దుగాల పోయి ఇంత కిందికి వదిలిన. పైకి గుంజుడు నా తోని కాదు, కిందికి వదులుడు అల్కగ. పసుపు జాకెట్ ఏసుకున్నోడు ఏం జేసినా ఈ దేశంల ఎవ్వడూ అడగడు."

"కిందికి వదిలి వదిలి వీధి చివరికి వస్తే?"

"గదే తెల్వదు. ఇంక మూడు బండ్ల జాగ ఉన్నది."

భార్గవ్ తలుపు తీసుకుని దిగి, రోడ్డు దాటి, మిఠాయి దుకాణంలోకి వెళ్లాడు. భీమయ్య మాట నమ్మలేక కాదు, ఆ మాటలకి ఒక సాక్షి కావాలనిపించింది. గల్లా దగ్గర కూర్చున్న దుకాణదారు శేషుకుమారిని అడిగాడు, గురువారాలు నీలం చొక్కా ఆయనెవరైనా వచ్చేవారా అని.

"గురువారం బాబుగారా?" ఆవిడ మొహం విప్పారింది. "మేం మడతకాజా వేసేది గురువారమేనండీ. కళాయి దించేసరికి వచ్చేసేవారు. ఇంటికి కట్టమంటారా అంటే అమ్మో, మా ఆవిడ చంపేస్తుంది, షుగరు అనేవారు. ఎండాకాలం నుంచీ రావట్లేదు. మంచిదేలెండి, మానేసుంటారు."

అతను ఏమీ కొనకుండా బయటికొచ్చాడు. ట్రక్కు ఎక్కి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఆవిడకి తెలీదు. ఆయన భార్యకి."

"ఏం తెల్వది?"

"ఏదీ తెలీదు. కారు ఆయనే తెచ్చి ఆ వీధిలో దాచిపెట్టాడనుకుంటోంది. గురువారం గురువారం ఎవత్తె ఇంటికో వచ్చేవాడనుకుంటోంది. ఆదివారాలు కుర్చీ వేసుకుని ఆ కారెదురుగా కూర్చుంటోంది, ఎవత్తె బయటికొస్తుందా అని. కారు కదిలేసరికి, ఆ ఎవత్తెకో రెండో తాళం కూడా ఇచ్చాడు అంటోంది. నువ్వు ఆ బండిని కిందికి వదిలిన ప్రతిసారీ ఆ చచ్చినాయనకి ఇంకో ఆడదాన్ని అంటగట్టావన్నా."

భీమయ్య స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. ట్రాఫిక్ పెరుగుతోంది. క్లియర్‌వే టైము కావచ్చింది, వాళ్ల ట్రక్కే అడ్డం ఉంది.

"నేను ఆమెను చూసిన" అన్నాడు భీమయ్య. "బండి కాడ ఓసారి కూసున్నది చూసి, ఆయిన పెండ్లామని సమజైంది. మాదీ గిరావీనే. కూరగాయల దుకాణంల కనవడ్తది. బెండకాయలు ఒక్కొక్కటి విరిచి చూసుకుంట. నేను బుట్ట ఆడనే పెట్టి బయటికొస్త. లీలావతి తిడ్తది, మళ్ల ఏం మర్సిపోయినవని. ఆమె మొహం అట్ల రాయి లెక్క ఉన్నది మొగుడు పోయిండనే అనుకున్న. గిది అనుకోలే." తల అడ్డంగా ఊపాడు. "గిది అనుకోలే."

"చెప్తే లైసెన్సు పోతుందా?"

"పోతది. రాయకుండ బండి ఎత్తుడు చిన్న తప్పు గాదు. లీలావతికి సుత ఇంతవరకు చెప్పలే." చేతిగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. గుడ్డ మొహం మీదే చాలాసేపు ఉంచుకున్నాడు. "పోనీ. లైసెన్సుదేమున్నది, గిన్నెలు కడుగుడు మర్సిపోలే. ఆమె అట్ల అనుకుంట బతుకుడు తప్పు. ఆయిన తిన్నడు, అంతే. కాజాలు తిన్నడు."

వెనకనుంచి బస్సు హారను కొట్టింది. భీమయ్య ఇంజను స్టార్టు చేసి, గేరు వెయ్యకుండా, ఇటు తిరిగాడు.

"ఆదివారం డ్యూటీల ఉంటవా తమ్మీ?"

"ఉంటాను."

"ఆమె కాడికి నేనే వస్త. నేనే చెప్త. నువ్వు జర నా పక్కన నిలవడు. బండి ఎత్తింది, రాయనిది, అంత చెప్పగల్గుత. కండ్లు మూసుకొని తింటున్నడు అన్న కాడ నా నోరు పడిపోతది, నాకెర్కనే. ఆడికెల్లి నువ్వు అందుకొని, మిగిలింది ఆమెకు నువ్వు చెప్పాలె."